పల్లె లైబ్రరీకి ఫైనూ డిపాజిట్టూ అవసరమా?

కనిగిరి దగ్గర ఒక పల్లెలో, పాత పంచాయతీ ఆఫీసు గదిలో లైబ్రరీ తెరవబోతున్న కుర్రాళ్ళు అడిగిన ప్రశ్న ఇది. "సభ్యత్వానికి రెండు వందలు డిపాజిట్ పెట్టండి, ఆలస్యమైతే రోజుకు రెండు రూపాయలు ఫైన్ వేయండి, లేకపోతే ఆరు నెలల్లో బీరువాలు ఖాళీ అవుతాయి అంటున్నారు ఊరి పెద్దలు. మాకేమో కూలి పనికి పొయ్యేవాళ్ళ పిల్లలు రావాలని ఉంది. మా ఊళ్ళో ముగ్గురు ఆడవాళ్ళకు మండల లైబ్రరీలో పాత ఫైను ఉంది, అందుకే అటు వెళ్ళడం మానేశారు. ఏం చేయమంటారు?"

రెండూ వద్దంటాను. నెల్లూరు, ప్రకాశం జిల్లాల శాఖా గ్రంథాలయాల్లో పనిచేసి రిటైరయ్యాను. ఫైను రసీదులు చించి ఇచ్చిన మనిషినే ఈ మాట అంటున్నాను. అలాగని పెద్దల భయాన్ని కొట్టిపారేయను. పుస్తకాలు పోతాయి. ఎన్ని పోతే తట్టుకోవచ్చు, పోయినప్పుడు ఏం చేయాలి అన్నవి మాత్రం ఫైనుతో తేలే లెక్కలు కావు.

ముందు డిపాజిట్ సంగతి. అందరూ ఫైను గురించే మాట్లాడతారు గానీ, మా శాఖల్లో పేదవాళ్ళను ఎక్కువగా ఆపింది డిపాజిట్టూ పూచీ సంతకమూను. ఫైను కట్టలేక మానేసినవాళ్ళ పేరు రిజిస్టర్లో ఉంటుంది. డిపాజిట్ ఎంతో విని గుమ్మం నుంచే వెనక్కి తిరిగినవాళ్ళ పేరు ఎక్కడా ఉండదు. అందుకే మీటింగుల్లో వాళ్ళ ప్రస్తావన రాదు.

ప్రభుత్వ గ్రంథాలయంలో కూర్చుని పేపరు చదువుకోవడానికి ఎవరూ పైసా ఇవ్వక్కర్లేదు. పుస్తకం ఇంటికి తీసుకెళ్ళాలంటేనే ధరావతు, అంటే ఈ డిపాజిట్టే, కట్టాలి, పూచీ చూపించాలి. వినడానికి ఇది చిన్న తేడా. కానీ పగటిపూట లైబ్రరీలో కూర్చునే తీరిక ఎవరికి ఉంటుందో చూడండి. రిటైరైన మేస్టార్లకు, డీఎస్సీకీ గ్రూప్స్‌కీ చదివే పిల్లలకు ఉంటుంది. టంగుటూరులోనో కందుకూరులోనో పొగాకు గ్రేడింగుకు పొయ్యే ఆడమనిషి లైబ్రరీ తలుపు తీసే వేళకు పనిలో ఉంటుంది, ఇల్లు చేరేసరికి లైబ్రరీ మూసేస్తారు. చీమకుర్తి గ్రానైట్ క్వారీలో పనిచేసేవాడి సంగతీ అంతే. ఇంటికి తీసుకెళ్ళే పుస్తకం ఒక్కటే వాళ్ళకు అందే లైబ్రరీ. డబ్బు అడిగేది సరిగ్గా అక్కడే.

"తిరిగొచ్చే డబ్బే కదమ్మా, మానేసేటప్పుడు ఇచ్చేస్తాం" అని నేనూ చాలామందికి చెప్పాను. ఆ మాట నెల జీతం అందుకునేవాళ్ళకు నచ్చుతుంది. నూటికి మూడో అయిదో వడ్డీకి తెచ్చుకుని ఇల్లు నడిపేవాళ్ళకు, కదలకుండా పడుండే రెండు వందలంటే నెలనెలా వడ్డీ కడుతూ పడుండే రెండు వందలు. ఇద్దరు పిల్లలుంటే నాలుగు వందలు. పైగా ఆ డబ్బు వెనక్కి రావాలంటే రసీదు చూపించాలి. తాటాకు చూరులోనో ట్రంకు పెట్టెలోనో దాచిన రసీదు పదేళ్ళ తర్వాత దొరుకుతుందా? డిపాజిట్ వాపసు అడగడానికి వచ్చినవాళ్ళలో కూలిపని చేసుకునేవాళ్ళు నాకు కనిపించింది బాగా తక్కువ.

పూచీ సంతకం ఇంకా కష్టం. గెజిటెడ్ ఆఫీసరో, ఆస్తి ఉన్నవారో ఎవరో ఒకరు హామీ ఉండాలంటే, పల్లెలో దాని అర్థం మోతుబరి ఇంటికి వెళ్ళి నిలబడటం. ఆయన సంతకం పెడతాడు, కాదనడు. తర్వాత కోతల రోజుల్లో "మన సంతకంతో పుస్తకాలు తెచ్చుకుంటున్నావు కదా" అంటాడు. ఆ మాట పడటం ఇష్టం లేక పిల్లలకు పుస్తకాలే వద్దనుకున్న తల్లిదండ్రులు ఉన్నారు. నెల్లూరు జిల్లాలో యానాది కాలనీల సంగతి అయితే చెప్పక్కర్లేదు. ఆధార్‌లో ఒక ఊరు, ఉంటున్నది చెరువుల దగ్గర ఇంకో ఊరు. రొయ్యల గుంటల కాపలాకు వచ్చిన కుటుంబానికి అక్కడ పూచీ ఉండేది ఎవరు? ఆ యజమానే. ఆ పూచీ ఎవరికి లాభమో మీరే ఆలోచించండి.

ఇంకో సంగతి మీ ఊరి పెద్దలకు చెప్పండి. లైబ్రరీ ఉచితంగా నడవడం లేదు, డబ్బు ముందే కట్టేశాం. 1948లో మద్రాసు రాష్ట్రం స్వతంత్ర భారతంలో మొదటి గ్రంథాలయ చట్టం తెచ్చింది, నెల్లూరు అప్పుడు ఆ రాష్ట్రంలోదే. తర్వాత 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది. దాని ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. వెయ్యి రూపాయల పన్ను కట్టే ఇల్లు 80 రూపాయలు లైబ్రరీకి ఇస్తున్నట్టే. అద్దెకుండేవాడు కూడా అద్దెలో కలిపి ఇస్తున్నాడు. ఆ సెస్సును పంచాయతీలు, మునిసిపాలిటీలు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు సమయానికి జమ చేయవన్నది రాష్ట్రమంతా ఉన్న పాత గొడవ. లక్షల్లో రావలసిన సెస్సు బాకీని ఏళ్ళ తరబడి ఓర్చుకుంటాం, కూలివాడి దగ్గర ఇరవై రూపాయల ఫైనుకు కార్డు ఆపేస్తాం. ఇది నా కడుపుమంట, పక్కన పెట్టండి.

చట్టానికి ముందు లైబ్రరీలు చందాలతో, దాతలతో నడిచేవి. వేటపాలెం సారస్వత నికేతనం 1918లో మొదలైంది అలాగే. అప్పుడు ఆ ఊరు గుంటూరు జిల్లా, తర్వాత ప్రకాశం జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. దాని భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. గొప్ప సంస్థ, మన ప్రాంతానికి గర్వకారణం. కానీ చందా కట్టగలిగినవాళ్ళ కాలం నాటి పద్ధతులు సెస్సుతో నడిచే లైబ్రరీలోకి కూడా అలాగే నడిచొచ్చాయన్నది నా అభిప్రాయం. డిపాజిట్, పూచీ, ఫైను మూడూ ఆ కాలం అలవాట్లే.

ఇక ఫైను. పెద్దలు చెప్పిన రోజుకు రెండు రూపాయల సంగతి తర్వాత, రూపాయే అనుకుందాం. మీ వైపు నుంచే లెక్క వేస్తాను. కనిగిరి, పామూరు, వెలిగండ్ల, సి.ఎస్.పురం నుంచి జనం హైదరాబాదుకో బెంగళూరుకో కట్టడం పనులకు వలస పోతారు. మేస్త్రి ఫోన్ చేస్తే రెండు రోజుల్లో బయల్దేరాలి. గిన్నెలూ దుప్పట్లతో పాటు పిల్లాడి సంచిలో లైబ్రరీ పుస్తకాలు కూడా పోతాయి. ఆగస్టులో పోయినవాళ్ళు సంక్రాంతికి వస్తారు. అయిదు నెలలు, రెండు పుస్తకాలు, మూడు వందల రూపాయలు. 2024-25లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 300. అంటే వచ్చిన రోజునే ఒక పూర్తి రోజు కూలి లైబ్రరీకి బాకీ. పెద్దల లెక్కన రెండు రోజులది. ఆ రెండు పుస్తకాలూ కలిపి కొత్తవి కొన్నా అంత కాకపోవచ్చు.

మరి ఆ పిల్లాడి తల్లి ఏం చేస్తుంది? పుస్తకాలు ఇవ్వదు. దొంగతనం చేయాలని కాదు, ఇవ్వడానికి వస్తే ఫైను అడుగుతారని. ఉదయం నేను తాళం తీసేసరికి కిటికీ ఊచల మధ్య నుంచి లోపల పడేసిన పుస్తకాలు కనిపించేవి. కవరులో చుట్టి, చక్కగా, ఒక్క పేజీ నలగకుండా. తెచ్చినవాళ్ళు మాత్రం మళ్ళీ వచ్చేవాళ్ళు కాదు. లైబ్రరీకి పుస్తకం దక్కింది, పాఠకురాలు పోయింది. తెలిసిన ఇల్లే అయినా వెళ్ళి పిలవడానికి మాకు అధికారం లేదు, ఎందుకంటే రిజిస్టర్లో ఫైను అలాగే ఉంది.

ఇది మన దగ్గరి సంగతే అనుకోకండి. అమెరికాలో షికాగో గ్రంథాలయం 2019 అక్టోబరులో ఆలస్య రుసుములు ఎత్తేసింది. అప్పటిదాకా అక్కడ పది డాలర్లు బాకీ పడితే కార్డు ఆగిపోయేది. లెక్క తీస్తే, పేదలు ఎక్కువగా ఉండే దక్షిణ భాగంలో కార్డున్న ప్రతి ముగ్గురిలో ఒకరికి పుస్తకాలు బంద్ అయి ఉన్నాయి. ఉత్తర భాగంలో ఆరుగురిలో ఒకరికి. ఆగిపోయిన కార్డుల్లో అయిదింటిలో ఒకటి పద్నాలుగేళ్ళ లోపు పిల్లలది. ఉత్తరాన ఉన్నవాళ్ళు పుస్తకాలు సమయానికి ఇచ్చే మంచివాళ్ళూ, దక్షిణాన ఉన్నవాళ్ళు కారూ అని కాదు. ఆలస్యం అందరూ చేస్తారు, పది డాలర్లు జేబులోంచి తీసి ఇచ్చేసి మళ్ళీ పుస్తకం తీసుకోగలిగేది కొందరే. రుసుము తీసేశాక కొన్ని వారాల్లోనే పాత పుస్తకాలు తిరిగిరావడం రెండు రెట్లకు పైగా పెరిగిందని ఆ గ్రంథాలయమే ప్రకటించింది. ఐర్లండ్ 2019 జనవరిలో దేశమంతటా తీసేసింది. న్యూయార్క్ 2021 అక్టోబరులో తీసేసినప్పుడు బాకీ వల్ల ఆగిపోయిన కార్డులు దాదాపు నాలుగు లక్షలు.

అక్కడి లెక్కలు ఇక్కడ అచ్చంగా అతకవు. వాళ్ళకు కంప్యూటర్లో ఎవరి బాకీ ఎంతో క్షణంలో తెలుస్తుంది, పోయిన పుస్తకం కొనడానికి బడ్జెట్ ఉంటుంది. మన పల్లె లైబ్రరీలో ఇష్యూ రిజిస్టరే దిక్కు. అయినా జనం ఫైనుకు భయపడి ముఖం చాటేసే తీరు అక్కడా ఇక్కడా ఒకటే.

ఫైను పెడితే కనీసం ఆలస్యమైనా తగ్గుతుందా? ఇజ్రాయెల్లోని హైఫాలో పిల్లల సంరక్షణ కేంద్రాల మీద ఒక పరిశోధన జరిగింది, 2000లో అచ్చయింది. పిల్లల్ని తీసుకెళ్ళడానికి ఆలస్యంగా వచ్చే తల్లిదండ్రులకు చిన్న జరిమానా పెట్టారు. ఆలస్యాలు తగ్గకపోగా పెరిగాయి. డబ్బు కడుతున్నాం కదా అనుకున్నారు. తర్వాత జరిమానా తీసేసినా పాత స్థితికి రాలేదు. మా శాఖల్లోనూ ఇది చూశాను. పోటీ పరీక్షల గైడు నెలల తరబడి అట్టేపెట్టుకుని "ఎంతయింది మేడమ్, ఇదిగో" అని నోటు తీసి ఇచ్చేవాళ్ళు ఉండేవాళ్ళు. బజారులో ఆ గైడు అయిదారు వందలు. ఫైను వాళ్ళకు చవకైన అద్దె. కట్టగలిగినవాడికి అది అద్దె, కట్టలేనివాడికి అవమానం. రెండు విధాలా పుస్తకం సమయానికి రాలేదు.

అద్దె అంటే గుర్తొచ్చింది. "ఒకప్పుడు బజారులో అద్దె పుస్తకాల షాపులో పేదవాళ్ళు కూడా రోజుకింత అని ఇచ్చి నవలలు తెచ్చుకోలేదా, ఇప్పుడు ఫైను కట్టలేరా?" అని ఒకరు నన్ను అడిగారు. మంచి ప్రశ్నే. షాపువాడి అద్దె ఎంతో తీసుకునే ముందే తెలుసు. డబ్బు ఉన్న రోజు తెచ్చుకుంటారు, లేని రోజు మానుకుంటారు, మళ్ళీ ఎప్పుడు వెళ్ళినా "రండమ్మా" అంటాడు. ఫైను అలా కాదు. ఎంత పెరిగిందో లైబ్రరీకి వెళ్తే గానీ తెలియదు, తెలిసేది నలుగురి ముందు, పైగా తప్పు చేశావన్న మాటతో కలిపి.

ఇక మీ పెద్దల అసలు భయం. పుస్తకాలు పోతాయన్నది. ప్రభుత్వ లైబ్రేరియన్లకు ఈ భయం ఎందుకో బయటివాళ్ళకు తెలియదు. స్టాక్ వెరిఫికేషన్‌లో పుస్తకం తగ్గితే జీతంలో రికవరీ పెడతారేమోనని భయం. రికవరీ ఒక్కసారి పడిన లైబ్రేరియన్ ఆ తర్వాత మంచి పుస్తకాలన్నీ బీరువాలో పెట్టి తాళం వేస్తాడు. ప్రభుత్వ బడుల్లో లైబ్రరీ పుస్తకాలు కట్టలు విప్పకుండా హెడ్మాస్టరు గదిలో ఉండిపోయేది కూడా చాలాచోట్ల ఇందుకే. నిజానికి కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాలు, 2017లో సవరించినవి, ఏడాదిలో ఇచ్చిన, చదివిన ప్రతి వెయ్యి పుస్తకాలకు అయిదు పోవడం సహజమేనని ఒప్పుకుంటాయి, నిర్లక్ష్యమో మోసమో లేకపోతే. వెయ్యి రూపాయలు దాటిన పుస్తకమో, అరుదైనదో పోతేనే తప్పక విచారణ చేయాలంటాయి. అవి కేంద్ర సంస్థలకు రాసినవి, మీకు వర్తించవు. కానీ ఢిల్లీ ఆడిటు ఒప్పుకునే నష్టాన్ని మీ ఊరి కమిటీ ఎందుకు ఒప్పుకోకూడదు? ఏడాదికి వెయ్యి సార్లు పుస్తకాలు ఇచ్చారంటే అయిదు పోవచ్చు. మీది కొత్త లైబ్రరీ, అందరూ కొత్త పాఠకులు, కాబట్టి మొదటి ఏడాది పదీ ఇరవై అనుకోండి. దాతలను పుస్తకాలు అడిగేటప్పుడే ఈ లెక్క చెప్పి, పోయినవాటి బదులుకు విడిగా కొంత అడగండి. ఒక్క పుస్తకమూ పోని లైబ్రరీ అంటే ఎవరికీ పుస్తకం ఇవ్వని లైబ్రరీ.

ఇప్పుడు పద్ధతి. డిపాజిట్ బదులు పరిచయం పెట్టండి. బడి టీచరు, అంగన్‌వాడీ టీచరు, ఆశా కార్యకర్త, డ్వాక్రా గ్రూపు లీడరు, లేదా ఇప్పటికే సభ్యులైన ఎవరైనా "ఈమె మాకు తెలుసు" అంటే చాలు. పుస్తకం పోతే వాళ్ళు కట్టాలన్న షరతు మాత్రం వద్దు, అది మళ్ళీ పూచీ అవుతుంది. మొదట ఒక పుస్తకం ఇవ్వండి. రెండుసార్లు తిరిగిచ్చాక రెండు. ఆ తర్వాత మూడు. మనుషుల మీద నమ్మకం ఇలాగే పెరుగుతుంది, డిపాజిట్ రసీదుతో కాదు.

గడువు రెండు వారాలు పెట్టకండి, నెల పెట్టండి. వలస వెళ్ళే కుటుంబాలకు విడిగా ఒక పేజీ తెరవండి. "పనికి పోతున్నాం" అని చెప్పినవాళ్ళకు పుస్తకాలు సంక్రాంతి దాకానో ఊరి తిరునాళ్ళ దాకానో రాసేయండి, ఫోన్ నంబరు రాసుకోండి. చెప్పకుండా పోయినా అదే వర్తింపజేయండి. మేస్త్రి కబురు వచ్చిన రోజున లైబ్రరీ ఎవరికి గుర్తుంటుంది? బెంగళూరులో ఇటుకల మధ్య ఆ పిల్లాడికి ఉన్న తెలుగు పుస్తకం అదొక్కటే కావచ్చు, ఇంకో నాలుగు నెలలు ఉండనివ్వండి.

గుర్తు చేయడం సాయంత్రం ఫోన్లో చేయండి. నోటీసు బోర్డు మీద పేర్లు అంటించడం, బడి ప్రార్థనలో నిలబెట్టి అడగడం రెండూ నిషేధమని ముందే తీర్మానం రాసుకోండి. దీని మీద నేను పట్టుదలగా ఉంటాను, ఎందుకంటే కమిటీలో ఎవరో ఒకరు మంచి ఉద్దేశంతోనే ఆ పని చేస్తారు.

పుస్తకం తిరిగి ఇవ్వకపోతే ఇంకో పుస్తకం ఇంటికి ఇవ్వకండి, అది చాలిన ఒత్తిడి. పిల్లల విషయంలో ఆ ఒత్తిడి కూడా వద్దు, వాళ్ళకు ఒక పుస్తకం ఎప్పుడూ ఇస్తూ ఉండండి. అమ్మ బాకీ ఉందని బిడ్డకు ఆపడం ఎక్కడా ఒప్పుకోకండి. పుస్తకం పోతే ధర అడగొద్దు. దాని బదులు ఏదో ఒక పుస్తకం తెమ్మనండి, పాతదైనా సరే. అదీ లేకపోతే ఒక పూట కూర్చుని కొత్త పుస్తకాలకు అట్టలు వేసి పెట్టమనండి. పెద్దవాళ్ళకే ఈ మాట, పిల్లల చేత గది ఊడిపించే పని మాత్రం పెట్టకండి. 2021 నవంబరులో పెన్నా పొంగి నెల్లూరు, కోవూరు వైపు ఇళ్ళలోకి నీళ్ళొచ్చినట్టు ఏదైనా జరిగితే, తడిసిన పుస్తకాలన్నీ అడక్కుండానే రిజిస్టర్లోంచి కొట్టేయండి. రేషన్ కార్డు తడిసి ఏడుస్తున్న మనిషిని పుస్తకం గురించి అడగలేం.

ఖరీదైన గైడ్లకు మాత్రం నేను కఠినమే. అవి పగలు గదిలోనే చదువుకోవాలి, రాత్రికి మాత్రం తీసుకెళ్ళి పొద్దున్నే తేవచ్చు. పట్టణాల్లో డబ్బు తీసుకునే స్టడీ హాళ్ళు ఎలాగూ ఉన్నాయి, మీ గదిలో నాలుగు కుర్చీలు, ఒక లైటు, రాత్రి తొమ్మిది దాకా తాళం తీసి ఉండటం అంతకన్నా మేలు.

"ఊరికే ఇస్తే విలువ తెలియదు" అని ఎవరో అంటారు, ప్రతి మీటింగులో అంటారు. వాళ్ళను మొదటి ఆరు నెలలు డిపాజిట్ లేకుండా నడిపి చూడనివ్వమని అడగండి. ఆ ఆరు నెలల ఇష్యూ రిజిస్టరు ముందు పెట్టుకుని మాట్లాడితే వాదన పొట్టిదవుతుంది.

మీ ఊరి ముగ్గురు ఆడవాళ్ళ సంగతి. మండల లైబ్రేరియన్‌ను తిట్టకండి. ఫైను మొత్తం రసీదుతో జమ కట్టాల్సిన డబ్బు, ఆయన సొంతంగా మాఫీ చేస్తే ఆడిటులో ఆయనకే చుట్టుకుంటుంది. ముందు పుస్తకాలు ఇళ్ళలో ఉంటే తీసుకెళ్ళి ఇచ్చేయండి, ఫైను ఇవ్వకపోయినా సరే. తిరిగిచ్చిన తేదీ రిజిస్టర్లో రాయించి ఫోటో తీసుకోండి, ఆ రోజుతో లెక్క పెరగడం ఆగుతుంది. తర్వాత ముగ్గురి తరఫున ఒకే దరఖాస్తు రాయండి, జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శికి, లైబ్రేరియన్ ద్వారా పంపండి. వలస వల్ల ఆలస్యమైందని, పుస్తకాలు ఫలానా తేదీన ఇచ్చేశామని, రుసుము మాఫీ చేసి సభ్యత్వం కొనసాగించమని మూడే ముక్కలు. ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి, అప్పుడు చైర్మన్లూ అధికారులూ శాఖలకు వస్తారు. అక్టోబరులోనే దరఖాస్తు పెట్టి, వారోత్సవాల్లో నోటితో కూడా అడగండి. పిల్లలకు సభ్యత్వం విడిగా అడగండి, అమ్మ బాకీతో కలపనివ్వకండి. దరఖాస్తు నమూనా కావాలంటే చెప్పండి, రాసిస్తాను.